జీఎం అనే రెండక్షరాలు: కృష్ణపట్నం రేవు నుంచి మన మెస్సు దాకా

నూనె ప్యాకెట్ తిప్పి చూస్తే చాలా సంగతులు కనపడతాయి. ధర, బరువు, తయారైన తేదీ, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, పచ్చ చుక్క, కొవ్వు ఎంత, విటమిన్ ఏ, డీ కలిపారా లేదా. ఇన్ని చెప్పే ప్యాకెట్టు ఒక్క సంగతి మాత్రం చెప్పదు. ఆ నూనె తీసిన గింజ జన్యుమార్పిడి పంటదా, కాదా? చెప్పాలని మన దేశంలో నియమం లేదేమో అనుకుంటాం. ఉంది. 2013 జనవరి 1 నుంచీ ఉంది. జన్యుమార్పిడి ఆహారం ఉన్న ప్రతి ప్యాకెట్ మీద, ముందువైపు పైభాగాన, 'జీఎం' అని రెండక్షరాలు ఉండాలి. ఆ రెండక్షరాలు మీరెప్పుడైనా చూశారా?

ఈ వ్యాసం జీఎం మంచిదా చెడ్డదా అన్న పోట్లాట గురించి కాదు. ఆ పోట్లాట ఇరవై ఏళ్లకు పైగా నడుస్తూనే ఉంది. మనం చూడబోయేది అంతకన్నా చిన్న ప్రశ్న: రెండక్షరాలు అచ్చు వేయడం ఎందుకింత కష్టమైంది? నిజంగా అది కష్టమేనా? దీనికి నెల్లూరు తీరాన్ని ఉదాహరణగా పెట్టుకుందాం. ఈ ప్రశ్నకి కావలసిన సరుకంతా ఇక్కడే ఉంది. రేవు పక్కన నూనె శుద్ధి కర్మాగారాలు, తీరం పొడవునా రొయ్యల చెరువులు, వాటి వెనక వరి పొలాలు.

ముందు మాటలు తేల్చుకుందాం

ఒక జీవిలోని జన్యువును ప్రయోగశాలలో తీసి, మరో జీవిలో చేర్చితే అది జన్యుమార్పిడి. మనకు బాగా తెలిసిన ఉదాహరణ బీటీ పత్తి. బాసిల్లస్ తురింజెన్సిస్ అనే మట్టి బాక్టీరియాలోని జన్యువును పత్తిలో పెట్టారు. కాయతొలుచు పురుగుని చంపే ప్రోటీన్‌ను ఆ మొక్క తనే తయారు చేసుకుంటుంది. 2002లో అనుమతి వచ్చింది. ఇప్పుడు దేశంలో పత్తి వేసే భూమిలో 90 శాతానికి పైగా బీటీయే.

బీటీ వంకాయకి మాత్రం ఆ దారి తెరుచుకోలేదు. అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ హైదరాబాద్‌తో సహా ఏడు నగరాల్లో బహిరంగ చర్చలు పెట్టి, 2010 ఫిబ్రవరి 9న దాన్ని నిలిపేశారు. డీఎంహెచ్-11 అనే ఆవాలకి 2022 అక్టోబర్‌లో నిపుణుల కమిటీ పచ్చజెండా ఊపింది. 2024 జూలైలో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం దానిమీద రెండుగా చీలిపోయింది. అంటే తినడం కోసమే వేసే జీఎం పంట ఏదీ మన రైతు పొలంలో అధికారికంగా లేదు.

మరి లేబుల్ దేనికి అంటారా? పత్తి పంట బట్టకే అనుకుంటాం గానీ, దూది తీశాక గింజ మిగులుతుంది. ఆ గింజ గానుగకి పోతుంది. నూనె మన బాణలిలోకి, చెక్క గేదెల దాణాలోకి వస్తాయి. దేశంలో ఏటా పది లక్షల టన్నులకు పైనే పత్తి గింజల నూనె తయారవుతుంది. ఇక రెండో దారి దిగుమతి. దాని సంగతి కాసేపట్లో.

ఇక్కడే ఒక అపోహ తీర్చుకుందాం. మన తీరంలో పెంచే వన్నమై రొయ్య జీఎం కాదు. 2009లో దీన్ని మన దేశంలోకి అనుమతించారు. తల్లి రొయ్యలు విదేశాల నుంచి వస్తాయి కాబట్టీ, 'ఎస్‌పీఎఫ్' అనే ముద్ర ఉంటుంది కాబట్టీ, ఇదేదో ల్యాబులో మార్చిన జీవి అనుకునే అవకాశం ఉంది. ఎస్‌పీఎఫ్ అంటే ఫలానా ఫలానా రోగక్రిములు లేవని పరీక్షించి, తరతరాలుగా ఏరి పెంచిన రొయ్య అని మాత్రమే. మంచి గేదెను ఏరుకుని సంతతి పెంచినట్టే. దాని జన్యువుల్లో వేరే జీవి ముక్క ఏదీ లేదు.

చట్టం ఏమంటోంది?

ఒక్కొక్కటిగా వరసగా చూద్దాం.

2006 ఆహార భద్రత చట్టంలో 22వ సెక్షన్ ఉంది. చట్టం కింద నియమాలు చేసి వీలు కల్పిస్తే తప్ప జీఎం ఆహారాన్ని తయారు చేయడం, అమ్మడం, దిగుమతి చేసుకోవడం కుదరదు అంటుంది. 23వ సెక్షన్ ప్యాకింగు, లేబులింగు గురించి.

2007లో జన్యు ఇంజనీరింగ్ ఆమోద కమిటీ, అంటే జీఈఏసీ, జీఎం సోయా నుంచి తీసిన నూనె దిగుమతికి అనుమతి ఇచ్చింది.

2012లో తూనికలు కొలతల శాఖ నియమాలు సవరించారు. దాని ప్రకారమే 2013 నుంచి 'జీఎం' అనే అక్షరాలు తప్పనిసరి అయ్యాయి. కానీ ఎంత శాతం ఉంటే రాయాలి, ఎవరు పరీక్షించాలి, ఎలా పరీక్షించాలి అన్నది ఆ ఒక్క వాక్యంలో లేదు.

2018లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వాళ్లు బజారులో 65 ఆహార పదార్థాలు కొని పరీక్షించారు. 21 వాటిలో జీఎం ఆనవాళ్లు దొరికాయి. ఆ 21లో 16 దిగుమతి సరుకు.

2020 ఆగస్టులో ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఒక ఉత్తర్వు ఇచ్చింది. వరి, మొక్కజొన్న, సోయా, బొప్పాయి, టమాటా లాంటి 24 పంటలు దిగుమతి చేసుకుంటే అవి జీఎం కావని ఎగుమతి చేసిన దేశం ధ్రువపత్రం ఇవ్వాలి. పొరపాటున కలిస్తే 1 శాతం వరకు ఊరుకుంటారు.

2021 నవంబర్‌లో అదే సంస్థ జీఎం ఆహారాలకు ప్రత్యేకంగా ముసాయిదా నియమాలు విడుదల చేసింది. ఒక్కో దినుసులో 1 శాతం, ఆపైన జీఎం ఉంటే లేబుల్ మీద చెప్పాలన్నది అందులో మాట.

2024 జూలై 23న ఆవాల కేసు తీర్పులో న్యాయమూర్తులు చాలా విషయాల్లో విడిపోయినా, ఒక్క విషయంలో కలిశారు. జీఎం ఆహారం, ముఖ్యంగా జీఎం వంటనూనె దిగుమతి విషయంలో 23వ సెక్షన్‌ను, అంటే లేబులింగు నియమాన్ని, పాటించి తీరాలన్నారు. ఆవాల సాగు కేసులో వంటనూనె లేబుల్ గురించి అంత సూటిగా చెప్పడం గమనించాల్సిన సంగతి. అసలు సమస్య ఎక్కడుందో ఆ మాటలోనే ఉంది. జీఎం మన పొలంలోకి రాకముందే ఓడలో వచ్చేసింది.

రేవులో దిగే నూనె

మన దేశం తినే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. ఓడల్లో వచ్చే ముడినూనె ప్రధానంగా మూడు రకాలు. మలేషియా, ఇండోనేషియాల నుంచి పామాయిల్. రష్యా, ఉక్రెయిన్ వైపు నుంచి పొద్దుతిరుగుడు నూనె. అర్జెంటీనా, బ్రెజిల్ నుంచి సోయా నూనె. ముత్తుకూరు మండలంలో కృష్ణపట్నం రేవు, దాని పక్కన పంటపాలెం చుట్టూ ఉన్న శుద్ధి కర్మాగారాలు ఈ వ్యాపారం వల్లే పుట్టాయి. ఓడలోంచి గొట్టాల ద్వారా ట్యాంకుల్లోకి, అక్కడి నుంచి శుద్ధికి, తర్వాత ప్యాకెట్లోకి.

ఈ మూడింటిలో పామ్, పొద్దుతిరుగుడు పంటల్లో వ్యాపార స్థాయి జీఎం సాగు ఎక్కడా లేదు. మన వేరుశెనగ, నువ్వులూ అంతే. సోయా సంగతి వేరు. అర్జెంటీనా, బ్రెజిల్‌లో పండే సోయా దాదాపు అంతా జీఎం. కలుపు మందు చల్లినా తట్టుకునే రకాలు ఎక్కువ. 2022-23లో మన దేశం సుమారు 35 లక్షల టన్నుల సోయా నూనె దిగుమతి చేసుకుంది. మధ్యప్రదేశ్, మహారాష్ట్రల్లో మన రైతులు పండించే సోయా మాత్రం జీఎం కాదు, ఎందుకంటే జీఎం సోయా సాగుకి ఇక్కడ అనుమతి లేదు.

కాబట్టి చిత్రం మరీ గజిబిజిగా లేదు. దుకాణంలో పది రకాల నూనెలుంటే అందులో నిజంగా అడగాల్సినవి రెండే: దిగుమతి సోయా, స్వదేశీ పత్తి గింజల నూనె. మరి చెప్పడానికి అడ్డేంటి?

పరీక్షకి దొరకనిది

ఇక్కడ మన సబ్జెక్టు మొదలవుతుంది. జీఎం ఉందో లేదో తేల్చే మామూలు పరీక్ష పీసీఆర్. కోవిడ్ రోజుల్లో అందరికీ తెలిసిపోయిన అదే పీసీఆర్. జీఎం మొక్కల్లో చేర్చిన జన్యువు పని మొదలెట్టడానికి ముందు ఒక మీట, చివర్లో ఆపడానికి ఒక మీట పెడతారు. చాలా పంటల్లో మొదటి మీట కాలీఫ్లవర్ మొజాయిక్ వైరస్ నుంచి తీసుకున్న 35ఎస్ ప్రొమోటర్. రెండోది ఆగ్రోబాక్టీరియం నుంచి తీసుకున్న నాస్ టెర్మినేటర్. నమూనాలో ఈ ముక్కలు ఉన్నాయేమో పీసీఆర్ వెతుకుతుంది. ఒక్కో ఆవృతిలో ముక్కల సంఖ్య రెట్టింపు అవుతుంది. 30 ఆవృతులు నడిస్తే ఒక్క ముక్క దాదాపు 107 కోట్ల ముక్కలవుతుంది. రెండుని ముప్పైసార్లు గుణించి చూసుకోండి. అందుకే పిండిలోనో గింజలోనో కొంచెం ఉన్నా పట్టేస్తుంది.

కానీ నూనె సంగతి వేరు. డీఎన్ఏ, ప్రోటీన్ నూనెలో కరగవు. ముడినూనెలో మిగిలిన కాస్తా శుద్ధిలో పోతుంది. ముందు జిగురు తీస్తారు. క్షారం కలిపి ఆమ్లాలు తీస్తారు. రంగు పీల్చే మట్టితో తెల్లబరుస్తారు. చివర్లో 220 డిగ్రీలకి పైగా వేడి చేసి, శూన్యంలో ఆవిరి పంపి వాసన తీస్తారు. ఇవన్నీ దాటి వచ్చిన నూనెలో పీసీఆర్‌కి చిక్కేంత డీఎన్ఏ ఉండదనే చెప్పాలి. జీఎం సోయా నూనె, మామూలు సోయా నూనె రెండు గ్లాసుల్లో పోసి ల్యాబుకి ఇస్తే, మామూలు పరీక్షలో తేడా చెప్పడం కష్టం.

అంటే మన దేశంలో అత్యధికంగా తినే జీఎం మూలం ఉన్న ఆహారం ఏదో, పరీక్షలో దొరకనిది కూడా సరిగ్గా అదే. 1 శాతం దాటితే రాయాలి అన్న నియమాన్ని ల్యాబు రిపోర్టుతో అమలు చేయాలనుకుంటే, బిస్కెట్ కంపెనీ దొరుకుతుంది, నూనె ఓడ దాటిపోతుంది.

రెండు కొలబద్దలు

ఈ చిక్కుని దేశాలు రెండు రకాలుగా పరిష్కరించాయి.

ఒకటి, 'చేతికొచ్చిన వస్తువులో ఏముంది' అని అడగడం. జపాన్ ఈ దారే పట్టింది. డీఎన్ఏ దొరకని నూనెకి, సోయా సాస్‌కి అక్కడ తప్పనిసరి లేబుల్ లేదు. అమెరికాలో 2022 జనవరి 1 నుంచి 'బయోఇంజనీర్డ్' అన్న ప్రకటన తప్పనిసరి అయినప్పుడు, జన్యుపదార్థం పరీక్షకి దొరకని శుద్ధి ఆహారాలకు మినహాయింపు పెట్టారు. ఆ మినహాయింపు మీద కోర్టులకు వెళ్లారు కూడా.

రెండు, 'ఈ వస్తువు ఎక్కడి నుంచి వచ్చింది' అని అడగడం. యూరప్ దారి ఇది. 2003లో చేసిన నియమాల ప్రకారం, నూనెలో డీఎన్ఏ ఉన్నా లేకపోయినా, గింజ జీఎం అయితే చెప్పాల్సిందే. పొరపాటున కలిసిన 0.9 శాతం వరకే మినహాయింపు. మరి ల్యాబులో దొరకనిదాన్ని ఎలా పట్టుకుంటారు? కాగితంతో. గింజ అమ్మిన వాడు నూనె మిల్లుకి రాసిస్తాడు, మిల్లు ప్యాకింగు కంపెనీకి రాసిస్తుంది. చేతులు మారిన ప్రతిసారీ ఆ మాట వెంట వస్తుంది. ఆ కాగితాలు అయిదేళ్లు దాచాలి.

మొదటిది వినడానికి శాస్త్రీయంగా ఉంటుంది: 'లేనిదాన్ని ఉందని ఎందుకు రాయాలి?' రెండోది వినడానికి ఫైళ్ల గోలలా ఉంటుంది. కానీ మన అలవాట్లకి ఏది దగ్గర? దానికి జవాబు ప్యాకెట్ మీదే ఉంది.

పచ్చ చుక్క చెప్పే పాఠం

శాకాహారానికి పచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమరంగు గుర్తు. రెండు దశాబ్దాలకు పైగా మనకి అలవాటైన లేబుల్ ఇది. దీని గురించి రెండు విషయాలు గమనించండి.

మొదటిది, ఇది ఆరోగ్య హెచ్చరిక కాదు. గోధుమరంగు గుర్తు చూసి ఎవరూ విషం అనుకోరు. చేపల పులుసు కోసం ప్రాణం పెట్టే నెల్లూరులో అసలే అనుకోరు. అది తినేవాడికి తన ఎంపిక తను చేసుకోవడానికి ఇచ్చే సమాచారం, అంతే.

రెండోది మనకి ఇంకా ముఖ్యం. ఈ గుర్తు పదార్థం రసాయన ఫార్ములా మీద కాదు, మూలం మీద ఆధారపడింది. చిప్స్‌లో రుచి పెంచడానికి వాడే ఈ631 అనే పదార్థాన్ని మాంసం నుంచో చేప నుంచో తీయొచ్చు, వేరే దారుల్లోనూ తయారు చేయొచ్చు. అణువు ఒకటే. 2021 డిసెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు సరిగ్గా ఇదే ఉదాహరణ తీసుకుని, కోడ్ నంబరు వేసి ఊరుకుంటే చాలదు, అది మొక్కదో జంతువుదో కూడా తయారీదారు చెప్పాలంది. ఎంత కొంచెం కలిసినా సరే అంది.

అంటే 'ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పు' అనే సూత్రం మనకి కొత్త కాదు. పచ్చ చుక్క విషయంలో దాన్ని ఒప్పుకున్నాం. కంపెనీలు సరఫరాదారుల దగ్గర కాగితాలు తీసుకుంటూనే ఉన్నాయి. 'నూనెలో డీఎన్ఏ లేదు కాబట్టి చెప్పనక్కర్లేదు' అనేవాళ్లు 'అణువు ఒకటే కాబట్టి మాంసం నుంచి తీసినా పచ్చ చుక్క పెట్టొచ్చు' అని ఒప్పుకుంటారా? ఒప్పుకోరు. మరి ఇక్కడ ఎందుకు ఒప్పుకోవాలి?

రొయ్యకి ఉన్న జాతకం

'అంత పెద్ద సరఫరా గొలుసులో కాగితాలు ఎవరు దాస్తారు? మన దేశంలో జరిగే పనేనా?' అన్నది మామూలుగా వినపడే మాట. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, కోట, వాకాడు వైపు రొయ్యల రైతుని అడిగితే నవ్వుతాడు.

తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం 2005లో వచ్చింది. దాని ప్రకారం చెరువు నమోదు కావాలి. పిల్ల ఏ హేచరీదో తెలియాలి. ఎగుమతి కోసం ఎంపెడా దగ్గర చెరువు నమోదు వేరే. యూరప్‌కి పంపాలంటే పట్టుబడికి ముందే నమూనా తీసి యాంటీబయోటిక్ అవశేషాలు లేవని ధ్రువపత్రం తెచ్చుకోవాలి. 2016లో యూరప్ మన రొయ్యల సరుకులో పరీక్షించే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. ఆ దెబ్బ ధర రూపంలో చెరువు గట్టు దాకా వచ్చింది. ఏ డబ్బాలో రొయ్య ఏ చెరువుదో చెప్పే వ్యవస్థ ఇక్కడ నడుస్తోంది. లోపాలుండొచ్చు, కానీ నడుస్తోంది. ఎందుకంటే కొనేవాడు అడిగాడు. అడిగితే తప్ప కొననన్నాడు.

రెండెకరాల చెరువున్న రైతు విదేశీ కొనుగోలుదారుకి తన సరుకు జాతకం చెప్పగలుగుతున్నాడు. వేల టన్నుల ఓడ దింపుకునే పరిశ్రమ మన ఇంటి వంటగదికి చెప్పలేదా? ఓడ ఏ దేశం నుంచి వచ్చిందో, అందులో ఏ నూనె ఉందో కస్టమ్స్ కాగితాల్లో ముందే ఉంటుంది. ప్యాకెట్ మీద బ్యాచ్ నంబరు ఎలాగూ ఉంది. ఈ రెండింటినీ కలపడమే మిగిలింది. ట్యాంకుల్లో నూనెలు కలిసిపోతాయి, నిజమే. దానికి సులువైన నియమం ఉంది: జీఎం కాదని కాగితం చూపించలేని దిగుమతి సోయా నూనె ట్యాంకులో కలిస్తే, ఆ ట్యాంకు నుంచి వచ్చిన ప్రతి ప్యాకెట్ మీద జీఎం అని రాయాలి. నిరూపించే భారం అమ్మేవాడిది.

రొయ్య గురించి ఇంకో సంగతి ఉంది, దాన్ని దాటేస్తే అన్యాయం. రొయ్య మేతలో చేప పొడి, గోధుమ పిండితో పాటు సోయా పిండి పెద్ద భాగం. 2021లో సోయా పిండి ధర ఆకాశానికంటినప్పుడు, కేంద్రం ఆగస్టులో 12 లక్షల టన్నుల జీఎం సోయా చెక్క దిగుమతికి అనుమతి ఇచ్చింది. నూనె తీసి నలగ్గొట్టిన చెక్కలో మొలకెత్తే ప్రాణం లేదు కాబట్టి పర్యావరణ అభ్యంతరం లేదన్నది వాదన. మరి ఆ మేత తిన్న కోడికి, రొయ్యకి జీఎం లేబుల్ వేయాలా? యూరప్, అమెరికా రెండూ అక్కర్లేదన్నాయి. నాకూ అదే సబబు అనిపిస్తుంది. మేతలోని డీఎన్ఏ, ప్రోటీన్ జీర్ణమై ముక్కలైపోతాయి, రొయ్య జన్యువులు మారవు. గీత ఎక్కడో ఒకచోట గీయాలి. కానీ మేత బస్తా మీద మాత్రం రాయాలి. బస్తాకి డబ్బు కట్టేది రైతు. కొనేవాడికి తెలియాలి అన్న సూత్రం అతనికీ వర్తిస్తుంది.

అభ్యంతరాలు

లేబుల్ వద్దనే వాళ్లవి అన్నీ కొట్టిపారేసే మాటలు కావు. మూడు చూద్దాం.

ఒకటి, భయం. అంతర్జాతీయ మార్కెట్లో ఇప్పుడున్న జీఎం ఆహారాలు భద్రతా పరీక్షలు దాటినవేననీ, వాటివల్ల ఆరోగ్యానికి ముప్పు ఉండే అవకాశం తక్కువనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 'జీఎం' అని పెద్దక్షరాలు వేస్తే జనం దాన్ని పుర్రె గుర్తులా చూస్తారన్నది అభ్యంతరం. ఇది నిజమైన ప్రమాదమే. కానీ మందు దాచిపెట్టడం కాదు, వివరంగా చెప్పడం. చెప్పకుండా దాచి, తర్వాత బయటపడితే పుట్టే అనుమానం ఇంకా పెద్దది.

రెండు, వ్యాపారం. లేబుల్ వస్తే దాని నీడలో 'జీఎం లేనిది' అన్న ప్రచారం పుడుతుంది. జీఎం వేరుశెనగ బజారులోనే లేనప్పుడు వేరుశెనగ నూనె మీద 'నాన్ జీఎం' అని రాసి పది రూపాయలు ఎక్కువ అడగడం మోసం కాకపోయినా మోసానికి చుట్టమే. ఉప్పు మీద రాస్తే ఇంకా నవ్వులాట, ఉప్పులో జన్యువులే ఉండవు. కాబట్టి 'ఉంది' అని రాయడానికే కాదు, 'లేదు' అని రాయడానికీ నియమం కావాలి.

మూడు, ఖర్చు. ప్రతి బ్యాచ్‌కీ పీసీఆర్ చేయించమంటే పెద్ద కంపెనీకి లెక్కలోకి రాదు, ఊళ్లో గానుగ నడిపే అతనికి అది తలకు మించిన భారం. ఇది న్యాయమైన మాట. అందుకే భారం సరుకు మొదట దేశంలోకి వచ్చేచోట పెట్టాలి. రేవులో ఒక్కసారి రాయించిన కాగితం కింద వందల మందికి పనికొస్తుంది. కింద వందల మంది చేత వేరువేరుగా పరీక్షలు చేయించడం మనం చదివే ఏ ఇంజనీరింగులోనూ మంచి డిజైన్ కాదు.

రేపటి వరి

ఇప్పటిదాకా చెప్పింది పాత టెక్నాలజీ. 2025 మే 4న కేంద్రం రెండు కొత్త వరి రకాలు ప్రకటించింది. అందులో ఒకటి డీఆర్ఆర్ ధాన్ 100, దాని పేరు కమల. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ తయారు చేసింది. దాని తల్లి మనందరికీ తెలిసిన సాంబ మసూరి, బాపట్లలో పుట్టిన బీపీటీ 5204. కమలలో వేరే జీవి జన్యువు లేదు. సాంబ మసూరి జన్యువులోనే ఒకచోట చిన్న కత్తిరింపు చేశారు. దీన్ని జన్యుమార్పిడి అనకూడదు, జన్యుసవరణ అనాలి. ఇలాంటి కొన్ని సవరణలను 2022 మార్చిలోనే జీఎం కఠిన నియమాల నుంచి మినహాయించారు.

35ఎస్ ప్రొమోటర్ కోసం పీసీఆర్‌లో వెతికితే కమలలో దొరకదు, అక్కడ లేదు కాబట్టి. మామూలుగా జరిగిన మార్పుకీ, చేసిన మార్పుకీ తేడా చెప్పడం ల్యాబుకి చాలా కష్టం. మళ్లీ అదే పాఠం: ల్యాబు మీదే ఆధారపడితే దారి మూసుకుపోతుంది, విత్తన సంచి నుంచి రికార్డు ఉంటే దారి తెరిచే ఉంటుంది. నెల్లూరు పరిశోధన కేంద్రం ఎన్ఎల్ఆర్ 34449 లాంటి రకాలు ఇచ్చిన జిల్లా ఇది. రేపు జన్యుసవరణ వరి ఈ పొలాల్లోకి వస్తే, దాన్ని జీఎం అని పిలవడం తప్పు, ఏమీ చెప్పకపోవడమూ తప్పు. మూడో మాట ఒకటి కావాలి.

చదివేదెవరు?

మనది తెలుగు సాహిత్య క్లబ్బు కాబట్టి చివరగా భాష సంగతి. మన ఆహార నియమాల ప్రకారం లేబుల్ ఇంగ్లిషులోనో, దేవనాగరిలో హిందీలోనో ఉంటే చాలు. తెలుగు ఐచ్ఛికం. మైపాడులో చేపలమ్మే అమ్మకి ఆ రెండు ఇంగ్లిషు అక్షరాలు సమాచారం కాదు, బొమ్మ. పచ్చ చుక్క అందరికీ అర్థమైంది, ఎందుకంటే దానికి అక్షరాలు అక్కర్లేదు. క్యూఆర్ కోడ్ పెడదాం అంటారు మనవాళ్లు. అమెరికాలోనూ ఆ వెసులుబాటు ఇస్తే, అది ఒక్కటే ఉంటే కొనేవాళ్లకి సరిపోదని 2022లో ఒక కోర్టు తప్పుబట్టింది. ఫోను, నెట్టు, ఓపిక మూడూ ఉన్నవాడికే తెలిసే హక్కు హక్కు కాదు.

ఇంకో ఖాళీ కూడా ఉంది. విడి నూనె అమ్మకానికి ఆంక్షలున్నా, డబ్బాలోంచి కొలిచి పోసే దుకాణాలు పోలేదు. అక్కడ లేబులే లేదు. హోటల్లో, హాస్టల్ మెస్సులో తినేవాళ్లకీ అంతే. ప్యాకెట్ స్టోర్ రూంలో చిరిగిపోతుంది, మన కంచంలోకి నూనె మాత్రమే వస్తుంది. లేబుల్ గురించి మాట్లాడేటప్పుడు ప్యాకెట్ కొనగలిగిన వాళ్లనే 'వినియోగదారులు' అనుకుంటున్నాం. మెస్సు నోటీసు బోర్డు మీద మెనూ రాసే చోటే, ఈ నెల ఏ నూనె వాడుతున్నారో ఒక్క వరస రాయమని మెస్ కమిటీ అడగొచ్చు. దానికి ఏ చట్టమూ మారనక్కర్లేదు.

క్లబ్బు చర్చకి

1. డీఎన్ఏ మిగలని నూనెకి లేబుల్ ఉండాలా? మీ జవాబు పచ్చ చుక్కకి కూడా సరిపోతుందా?

2. జీఎం మేత తిన్న రొయ్య దగ్గర ఈ వ్యాసం గీత గీసింది. మీరైతే ఎక్కడ గీస్తారు? ఎందుకు?

3. 'జన్యుమార్పిడి', 'జన్యుసవరణ' అని మనం అంటున్నాం. ప్యాకెట్ మీద పట్టేంత చిన్నగా, అమ్మకి అర్థమయ్యేంత తేటగా, భయపెట్టకుండా ఉండే తెలుగు మాట ఒకటి చెప్పగలరా? మంచివి వస్తే వచ్చే సంచికలో వేద్దాం.